మల్లన పద్యంలో ఇరవై అంకెలు

18446744073709551615.

చదరంగం బల్ల మీద 64 గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోతే చివరికి బల్ల మీద ఉండాల్సిన గింజల మొత్తం ఇది. రాజుగారిని ఇదే బహుమానంగా అడిగిన తెలివైనవాడి కథ తెలియని తెలుగు పిల్లలు ఉండరు. అయితే కథ చెప్పేవాళ్లు చాలామంది "లెక్కలేనన్ని గింజలు" అని తేల్చేస్తారు. నిజానికి దీనికి లెక్క ఉంది. ఆ లెక్కను తొమ్మిది వందల ఏళ్లకు ముందే ఒక తెలుగు కవి పద్యంలో పెట్టాడు, ఒక్క అంకె తప్పకుండా. ఆ సంఖ్య గురించీ, అది నడిచి వచ్చిన దారి గురించీ చెప్పాలని ఈ వ్యాసం. ఉద్యోగకాలమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని. నాకు బాగా ఇష్టమైన సంఖ్య ఏదని అడిగితే దీన్నే చెబుతాను.

ముందు దీని పరిమాణం చూద్దాం. మన పద్ధతిలో చదివితే 1,84,467 కోట్ల కోట్లు, దానిపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. పదో తరగతికి గుణశ్రేఢులు చెప్పేటప్పుడు ఈ మాటలు పిల్లలకు ఎక్కేవి కావు. మాది గోదావరి డెల్టా, కాబట్టి వడ్లలోకి దిగాను. సాంబ మసూరి వడ్లు వెయ్యి గింజలు లెక్కపెట్టించి కంసాలి త్రాసులో తూయిస్తే 15 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగాయి. ఆ లెక్కన సగం బల్ల, అంటే 32 గళ్లు నిండడానికి 429,49,67,295 గింజలు కావాలి. బరువు 64 టన్నులు. మా వైపు 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 859 బస్తాలు. ఎకరానికి 30 బస్తాలనుకుంటే 29 ఎకరాల పంట. ఊళ్లో ఓ మోతుబరి రైతు ఇవ్వగలిగినంత. ఇక్కడిదాకా రాజుగారు నవ్వుతూనే ఉంటారు.

33వ గడి దగ్గర కథ తిరుగుతుంది. ఆ ఒక్క గడికే మళ్లీ 859 బస్తాలు. రెట్టింపు వరసకు ఉన్న మొదటి గుణం ఇదే: ఏ గడిని తీసుకున్నా, దానికి ముందున్న గళ్లన్నింటి మొత్తం కంటే అందులో సరిగ్గా ఒక్క గింజ ఎక్కువ. అందుకే 64 గళ్ల మొత్తం కావాలంటే అన్నీ కూడనక్కర్లేదు. లేని 65వ గడిలో ఎన్ని గింజలుండేవో కనుక్కుని ఒకటి తీసేస్తే చాలు. అదే 2⁶⁴ − 1. బల్లలో రెండో సగం మొత్తం, మొదటి సగం మొత్తానికి సరిగ్గా 429,49,67,296 రెట్లు. అన్ని గళ్లూ నిండితే వడ్ల బరువు దాదాపు 27,670 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నులకు అటూ ఇటూ. అంటే దాదాపు మూడున్నర వందల ఏళ్ల ప్రపంచ పంట. పిల్లలకు సంఖ్య బుర్రకెక్కింది ఈ మాటతోనే.

మరి కాగితం, కాలిక్యులేటర్ లేని కాలంలో దీన్ని ఎలా కట్టారు? 63 సార్లు రెట్టించుకుంటూ పోయారా? అక్కర్లేదు. క్రీస్తు శకానికి ముందువాడని చెప్పే పింగళుడు తన ఛందశ్శాస్త్రంలోనే దగ్గరిదారి చూపించాడు. 64ని సగం చేస్తూ పోవాలి: 32, 16, 8, 4, 2, 1. ఒకటికి వచ్చాక సగం కాదు గనుక ఒకటి తీసేయాలి. ఇప్పుడు వెనక్కి నడవాలి. ఒకటి తీసేసిన చోట రెండుతో గుణించాలి, సగం చేసిన చోటల్లా వర్గం చేయాలి. 2, 4, 16, 256, 65536, 4294967296. ఇంకొక్క వర్గం చేస్తే 18446744073709551616. ఏడంటే ఏడు మెట్లు. ఆ చివరి గుణకారం సరిగా వచ్చిందో లేదో తొమ్మిదులు కొట్టేసి చూసుకోవచ్చు. 4294967296 అంకెల మొత్తం 58, దాని అంకెలు కూడితే 13, మళ్లీ కూడితే 4. నాలుగు వర్గం 16, అంటే 7. జవాబు అంకెల మొత్తం 88, అది 16, అదీ 7. లెక్క నిలబడింది.

ఛందస్సు పుస్తకంలో ఈ లెక్క ఎందుకు వచ్చిందో తెలిస్తే మన పద్యం మీద గౌరవం పెరుగుతుంది. ప్రతి అక్షరం గురువో లఘువో అవుతుంది, మూడోది లేదు. కాబట్టి పాదంలో ఒక అక్షరం పెరిగితే సాధ్యమయ్యే వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఒక అక్షరం పాదం నుంచి 26 అక్షరాల పాదం దాకా ఉన్న వృత్తాలన్నీ కలిపితే 13,42,17,726 అని మన లాక్షణికులు లెక్కగట్టారు. ఇది 2²⁷ − 2. పిల్లలు కంఠస్థం చేసే ఉత్పలమాలకు ఇరవై అక్షరాల వృత్తాల్లో ఒక వరస సంఖ్య ఉంది: 3,55,799. చంపకమాలకు ఇరవై ఒక్క అక్షరాల వృత్తాల్లో 7,11,600.

ఈ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో చదరంగం బల్ల మీదే చూపించవచ్చు. ఉత్పలమాల పాదాన్ని గడికో అక్షరం చొప్పున పరచండి. లఘువు పడిన గళ్లు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19. ఆ గళ్లలో ఉండాల్సిన గింజలు వరసగా 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. అన్నీ కూడితే 3,55,798. ఒకటి కలపండి, ఉత్పలమాల సంఖ్య వచ్చేసింది. దీనికి ఛందశ్శాస్త్రంలో ఉద్దిష్టం అని పేరు. ఇవాళ కంప్యూటర్ వాళ్లు సున్నా, ఒకటిలతో చేసే పని ఇదే. మన పండితులు గురు లఘువులతో చేశారు.

ఇప్పుడు మల్లన దగ్గరికి వద్దాం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. ఆయన జైనుడు, పెద్ద సంఖ్యలంటే ప్రాణం పెట్టేవాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుందనీ, అది ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్లీ ఒకటి దాకా దిగుతుందనీ, కంఠహారంలా ఉంటుందనీ చెప్పి మురిసిపోయిన మనిషి. ఆయన గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేశాడు. తెలుగులో మనకు తెలిసిన తొలి గణితగ్రంథం ఇదే. మల్లన 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కాలం వాడా, ఆ మల్లనకు మనుమడా అని సాహిత్య చరిత్రకారులు వాదించుకున్నారు. ఎటు తేలినా ఆయన నన్నయకు దగ్గరి తరాల వాడే. తెలుగులో భారతం మొదలైన తరాల్లోనే తెలుగులో గణితమూ మొదలైందన్నమాట. దీన్ని మనం చెప్పుకోవలసినంతగా చెప్పుకోవడం లేదు.

మా బళ్లో తెలుగు మాస్టారికి మల్లన చదరంగం పద్యం నోటికి వచ్చు. ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో, "లెక్కల మాస్టారూ, నేను ఒక్కో మాటా చెబుతాను, మీరు అంకె వేయండి. కుడి నుంచి ఎడమకు వేయాలండోయ్" అన్నారు. మన పాత గ్రంథాల్లో సంఖ్యను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెబుతారు, అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. ఆయన చెబుతూ పోయారు, నేను నల్లబల్ల మీద వేస్తూ పోయాను. ఇరవయ్యో అంకె వేసి చూసుకుంటే 2⁶⁴ − 1 కళ్ల ముందు ఉంది. ఒక్క అంకె తేడా లేదు. పుస్తకాల్లో చదివి ఊరుకోవడం వేరు, మాట వెంట మాటగా ఆ సంఖ్య బల్ల మీద కూడుకోవడం చూడటం వేరు.

ఆ పద్యం పనితనం దగ్గరగా చూడదగ్గది. అంకెలకు బదులు లోకంలో అన్నేసి ఉన్న వస్తువుల పేర్లు వాడతారు. మన్మథుడి బాణాలు ఐదు గనుక శరం అన్నా సాయకం అన్నా 5. ఆకాశం 0, ఒకచోట వియత్తు, ఇంకొకచోట గగనం. అగ్నులు 3, నవరంధ్రాలు 9, దిగ్గజాలు ఎనిమిది గనుక కుంజరం 8. ఈ సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. కులపర్వతాలు ఏడు కాబట్టి మూడుసార్లూ కొండే: నగం, భూధరం, గిరి. 4 నాలుగుసార్లు వస్తుంది. దానికి వేదం, రెండు పేర్లతో సముద్రం, బ్రహ్మగారి ముఖాలు. 1 మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ చంద్రుడే. ఒకచోట శశి, రెండు లఘువులు. ఒకచోట చంద్ర, గురువూ లఘువూ. ఇంకొకచోట తుహినాంశు, రెండు లఘువులు, గురువు, లఘువు. ఏ చోట ఏ తూకం కావాలో ఆ తూకం ఉన్న చంద్రుణ్ని తెచ్చి కూర్చోబెట్టాడు కవి. వృత్తం చంపకమాల, ప్రాస రేఫ. సంఖ్య మొత్తం రెండు పాదాలు నిండి మూడో పాదంలోకి కాస్త సాగుతుంది. భూధరంలో భూ మొదటి పాదం చివర ఉంటే ధర రెండో పాదంలో పడింది. కుంజరమూ అలాగే రెండో మూడో పాదాల మధ్య విరిగింది. లెక్కకూ గణాలకూ ప్రాసకూ దేనికీ లోటు రాలేదు.

ఇది విద్య ప్రదర్శించుకోవడానికి చేసిన పని అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తాటాకు మీద ఇరవై అంకెలు వరసగా గీస్తే, తరవాత ఎత్తిరాసేవాడు ఒక అంకె జారవిడిచినా పట్టుకునే దారి లేదు. పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది, చదివేవాడి చెవి వెంటనే పట్టేస్తుంది. సంఖ్య చెడకుండా తరాలు దాటడానికి మన వాళ్లు కట్టిన పకడ్బందీ ఇది. ఇంకో మాట కూడా ఉంది. ఈ చదరంగపు గళ్ల మొత్తం లోకంలో ప్రసిద్ధమే అనే అర్థంతో మల్లన పద్యం ముగించాడు. అంటే ఆయన నాటికే చదరంగమూ ఈ లెక్కా తెలుగు నేల మీద బాగా ఎరిగినవేనన్నమాట. చరిత్ర రాసేవాళ్లకు ఇది విలువైన సాక్ష్యం.

మల్లనకు ముందూ వెనకా ఈ సంఖ్య పడమటికీ నడిచింది. 9వ శతాబ్దంలో అల్ యాఖూబీ అరబ్బీలో ఈ కథ చెప్పాడు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన ప్రాచీన జాతుల కాలగణన గ్రంథంలో, వర్గాల మీద వర్గాలు చేస్తూ మొత్తం ఎలా రాబట్టాలో వివరించాడు. 13వ శతాబ్దపు ఇబ్న్ ఖల్లికాన్‌కు మొదట ఈ లెక్క మీద నమ్మకం కుదరలేదు. అలెగ్జాండ్రియా లెక్కల గుమాస్తా ఒకడు కాగితం మీద చేసి చూపించాక ఒప్పుకున్నాడు. ఆ గుమాస్తా గింజల నుంచి కొలపాత్రల్లోకి, పాత్రల నుంచి ధాన్యపు కొట్లలోకి, కొట్ల నుంచి నగరాల్లోకి లెక్క మారుస్తూ పోయి, చివరి గడికి 16,384 నగరాల నిండా ధాన్యం కావాలని తేల్చాడు. ఇటలీలో ఫిబొనాచ్చి 1202 నాటి తన గణితగ్రంథంలో ఈ లెక్కకు చోటిచ్చాడు. ఊరు ఏదైనా ఈ సంఖ్యను కాపాడినవాళ్లు లెక్కల గుమాస్తాలు, కరణాలు, ఉపాధ్యాయులే.

ఇక దాని లోపలికి వెళదాం. చివర 5 ఉంది కాబట్టి ఐదుతో భాగించవచ్చు. అంకెల మొత్తం 87, కాబట్టి మూడుతో భాగించవచ్చు, తొమ్మిదితో కుదరదు. ఆరో తరగతి పిల్లవాడు ఇంతవరకు చెప్పగలడు. ఆపైన రెండు వర్గాల భేదం సూత్రం పనిచేస్తుంది. 2⁶⁴ − 1 అంటే 2³² − 1 ని 2³² + 1 తో గుణించడమే. మొదటిదాన్ని మళ్లీ అలాగే విడదీయవచ్చు. విడదీస్తూ పోతే మిగిలేవి 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటి లబ్ధమే మన సంఖ్య.

ఈ ఆరూ ఫెర్మా సంఖ్యలు. ఫ్రాన్సులో న్యాయాధికారిగా పనిచేస్తూ గణితం చేసిన పియర్ ఫెర్మా, 1640లో ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి ఐదూ నిజంగా ప్రధానాలే. ఆరోది 4294967297 దగ్గర లెక్క ఆగింది. 1732లో ఆయిలర్ దాన్ని పగలగొట్టాడు: 641 × 6700417. మల్లన పద్యం చెప్పి ఆరు వందల ఏళ్లు దాటాక ఆ సంఖ్య పూర్తి కారణాంకాలు లోకానికి తెలిశాయి.

ఆయిలర్ ఊరికే వెతకలేదు. 4294967297ను ఏ ప్రధానమైనా భాగిస్తే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయన తరవాత నిరూపించాడు. అలాంటివి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధానాలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నానికే దొరికేస్తుంది. 641 భాగిస్తుందని చూపడానికి పెద్ద గుణకారం కూడా అక్కర్లేదు. 641ని రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 2⁷ + 1, 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. నాలుగు వాక్యాల్లో నిరూపణ. ఇంత చక్కని నిరూపణ హైస్కూలు స్థాయిలో నాకు ఇంకొకటి కనబడలేదు.

మిగిలిన ఐదు కారణాంకాలకూ పెద్ద చరిత్రే ఉంది. 1796 మార్చిలో, ఇంకా పంతొమ్మిదేళ్లు నిండని గౌస్, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని కనుక్కున్నాడు. అలా గీయగల బేసి భుజాల బహుభుజులు ఫెర్మా ప్రధానాల మీద ఆధారపడతాయి. మనకు తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఇవాళ్టికీ ఆ ఐదే: 3, 5, 17, 257, 65537. వాటితో కట్టగలిగే బేసి బహుభుజులు 31. అన్నింటిలోకీ పెద్దదానికి భుజాలు 4294967295. గుర్తుందా ఆ సంఖ్య? సగం బల్ల నింపిన గింజలు, మా లెక్కలో 859 బస్తాల వడ్లు.

1883లో ఫ్రాన్సులో ఎదువార్ లూకా అనే గణితవేత్త ఓ ఆటవస్తువు చేసి అమ్మించాడు. మూడు మేకులు, ఒకదాని మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పేర్చిన బిళ్లలు. చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఒక్కొక్కటిగా వాటన్నింటినీ ఇంకో మేకుకు మార్చాలి. కాశీలో ఒక గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఇలాగే మారుస్తున్నారనీ, పని పూర్తయిన నాడు లోకం అంతమవుతుందనీ ఆటతో పాటు ఓ కథ కల్పించి పెట్టాడు. 64 బిళ్లలు మార్చడానికి పట్టే కదలికలు సరిగ్గా 18446744073709551615. సెకనుకు ఒకటి చొప్పున మార్చినా దాదాపు 58,450 కోట్ల ఏళ్లు. ఇవాళ మన చేతిలో ఉన్న ఫోను 64 బిట్ల యంత్రం. అది ఒక్క గదిలో పట్టించగలిగిన అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

పింగళుడి గురు లఘువుల నుంచి మహావీరాచార్యుని హారాల మీదుగా మల్లన చంపకమాల దాకా ఇది ఒకే విద్య. సాహిత్యాన్నీ గణితాన్నీ వేరు వేరు గదుల్లో పెట్టింది మన బడి. తెలుగు వాచకంలో గణవిభజన ఉంటుంది, దాని వెనక రెట్టింపు లెక్క ఉండదు. లెక్కల పుస్తకంలో గుణశ్రేఢి ఉంటుంది, మల్లన పేరు ఉండదు. పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం ఇది: పదో తరగతి గుణశ్రేఢుల పాఠం చివర మల్లన పద్యం ఒక పేజీలో వేయండి. తెలుగు మాస్టారు మాట చెబితే లెక్కల మాస్టారు అంకె వేయాలి, ఆ ఇరవై అంకెలనూ 641తో భాగించడం పిల్లలు చేయాలి. రెండు పీరియడ్లు చాలు, పైసా ఖర్చు లేదు. ఈ విద్యాసంవత్సరమే ఎవరో ఒకరు మొదలుపెట్టండి.